కనుమనాడు ప్రభలు, ఆపై గ్రామసభ

ఏమండోయ్, అలా నిలబడ్డారేం, మంట దగ్గరకి జరగండి. ధనుర్మాసం సగం దాటింది, మంచు దిగుతోంది. మా కోనసీమ కబుర్లు నాలుగు చెబుతాను.

తెల్లారకుండానే హరిదాసుగారు వచ్చేస్తున్నారు. ఆయన వంగగానే పిల్లలు పరుగున వచ్చి అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం పోస్తున్నారు. భోగి పిడకల పని కూడా మొదలైంది. ఊళ్లో ఆవులున్న ఇళ్లు తగ్గిపోయాయి కదా, పేడ కోసం పొద్దున్నే వంతులు వేసుకుంటున్నారు. హైదరాబాదు పిల్లలు రైల్లో చోటు దొరక్కపోతే బస్సులోనైనా దిగుతారు. కువైట్లో, మస్కట్లో ఇళ్ల పనికి వెళ్లిన అమ్మలకే పండక్కి సెలవు దొరకదు. వాకిట్లో ముగ్గు పెట్టగానే ఫోను తిప్పి వాళ్లకోసారి చూపించండమ్మా, ఆ రోజంతా వాళ్లకి పండగే.

ఇక అసలు కబురు కనుమది. ఆ రోజు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ప్రభ అంటే వెదురు వంచి కట్టి, రంగు గుడ్డ చుట్టి, దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకొచ్చేదండీ. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఉన్నదల్లా కొబ్బరితోట. పదకొండు ఊళ్ల శివుళ్లు ఏకాదశ రుద్రులై ఆ తోటకే వచ్చి కొలువుతీరతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పెదపూడి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, వీళ్లందరికీ ఆతిథ్యం ఇచ్చే మొసలపల్లి. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే లేచి నిలబడడం అన్నమాట. ఆ మర్యాద చూడ్డానికైనా వెళ్లాలండీ.

గంగలకుర్రు ప్రభలు రెండూ కౌశిక నది దాటి రావాలి. నీళ్లలో దిగిన కుర్రాళ్లు భుజాల మీది బరువు ఒరగనివ్వకుండా శరభ శరభ అంటూ అవతలి గట్టు ఎక్కించే వేళ ఒడ్డున ఉన్నవాళ్లకి గుండె నోట్లోకి వస్తుంది. దారిలో దాళ్వా చేలు తొక్కుడు పడతాయి. అయినా రైతు ఒక్కమాట అనడు. దేవుడు నడిచిన చేను పండుతుందని మావాళ్ల నమ్మకం. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా కర్తవ్యపథ్ మీద నడిచింది ఈ ప్రభల తీర్థమే.

నా మటుకు తీర్థం కన్నా ముందు జరిగే పనే ఎక్కువ ఇష్టం. వెదురు చీల్చేవారొకరు, వంచి కట్టేవారొకరు, రంగు గుడ్డ చుట్టేవారొకరు, గంటలు తోమేవారొకరు. ఇంటికో చెయ్యి పడితేగాని ప్రభ లేవదు. నలభై ఏళ్లాయన చెబుతుంటే పదో తరగతి కుర్రాడు ముడి వేయడం నేర్చుకుంటాడు. సెలవుల్లో వచ్చిన పిల్లల్ని తీర్థం రోజు ఫొటోలకే కాదు, రెండ్రోజులు ముందే వెదురు దగ్గరికి పంపండి. తిరిగొచ్చేటప్పుడు అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినిపించండి.

పండగ వెళ్లాక మరో కబురుంది. జనవరి 26న జెండా ఎగరేశాక మా ఊళ్లో గ్రామసభ. దీనికి చాటింపు డప్పు మోగదు, ఫోనులో ఒక ముక్క వస్తుంది, అంతే. ఫోను లేని ముసలమ్మలకి ఎవరు చెబుతారు? ప్రభ కింద భుజం పెట్టడానికి ఊరంతా వస్తుంది, గ్రామసభకి మాత్రం పట్టుమని పాతికమంది రారు. నాకు బాధగా ఉంటుందండీ. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ ఆ సభలో సభ్యుడే. ఎవరూ పిలవక్కర్లేదు, కుర్చీ మనదే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనుల మీద తీర్మానాలు చేశారు. అలాంటి రోజున మనం అరుగు మీద కూర్చుంటే మన వీధి పని కాగితం మీదకి ఎలా ఎక్కుతుంది?

ఈసారి అడగాల్సింది మంచినీళ్ల చెరువు గురించి. వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తారు. ఈలోగా చెరువు నిండాలి. నిండాలంటే గుర్రపుడెక్క తీయాలి, తూము బాగుచేయాలి, గట్టు కోసుకుపోయిన చోట మట్టి పోయాలి. ఇవన్నీ కాలువలో నీళ్లున్నప్పుడే తేలాల్సిన పనులు. ఏప్రిల్లో బిందె పట్టుకుని రోడ్డెక్కితే లాభం లేదు. నీళ్లు మోసేది ఆడవాళ్లే కాబట్టి ముందు వరసలో వాళ్లు కూర్చోవాలి, ముందు మాట వాళ్లదే కావాలి.

అందుకని ఇరవయ్యారో తారీఖున జెండా వందనం కాగానే చాక్లెట్టు తీసుకుని ఇంటికి వెళ్లిపోకండి. పక్కింటి పిన్నిగారినీ, ఫోను లేని ముసలమ్మనీ వెంటబెట్టుకుని వచ్చి కూర్చోండి. మీరు అడిగింది తీర్మానాల పుస్తకంలో రాశాక, చదివించుకుని విని, అప్పుడు సంతకం పెట్టండి.