రొయ్యకి సెలైన్ ఎక్కించిన కథ

ఎర్రగడ్డలో ఉంటానని చెప్పగానే ఆఫీసులో ఎవడో ఒకడు పళ్ళికిలిస్తాడు. పిచ్చాసుపత్రి జోకు ఎన్నేళ్ళైనా పాతబడదు లెండి. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, మూడో అంతస్తులో, నేను ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టానని తెలిశాక వాళ్ళ జోకుకి ఆధారం కూడా దొరికింది.

కిందటేడు రెండు క్లీనర్ రొయ్యలు కొన్నాను. ఎర్రటి వీపు మీద తెల్ల చార, పొడుగాటి తెల్ల మీసాలు, చేపల ఒంటి మీద పురుగుల్ని ఏరుకు తింటాయి. ధర చెప్తే మా అమ్మ ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. కవరుని ట్యాంకులో ఇరవై నిమిషాలు తేలేసి, వేడి సర్దుకుంది కదా అని వదిలేశాను. అంతకుముందు చేపలకీ అలాగే చేశా, ఏం కాలేదు. పొద్దున లేచి చూస్తే రెండూ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి.

మాది భీమవరం దగ్గర. మావయ్యకి రొయ్యల చెరువులున్నాయి. సిగ్గు పడుతూనే ఫోన్ చేశా.

"కొట్టోడి నీళ్ళ ఉప్పెంత, నీ నీళ్ళ ఉప్పెంతరా?"

నేను కొలవలేదు.

"ఏరా, ఇంజినీరింగు చదివింది ఇందుకేనా? మేం సీడు తెచ్చేముందు మా చెరువు ఉప్పెంతో హేచరీ వాడికి చెప్తాం. వాడు అక్కడే రోజూ కొంచెం తగ్గించుకుంటూ వస్తాడు. అయినా గట్టు మీద కవర్లు తేలేసి, చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి, చల్లటిపూట వదుల్తాం."

తర్వాత కొలిస్తే కొట్టు నీళ్ళు 1.020, నావి 1.025. అంటే లీటరుకి సుమారు 27 గ్రాముల ఉప్పులోంచి 35 గ్రాముల్లోకి తోసేశానన్నమాట. చేప తన ఒంట్లో ఉప్పుని తనే అదుపు చేసుకుంటుంది. ఇలాంటి రొయ్యకి, నత్తకి, నక్షత్రచేపకి ఆ సదుపాయం దాదాపు లేదు. బయటి నీళ్ళెంతో లోపలా అంతే. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టడం అంటారు చూడండి, అదే.

రెండోసారి మందుల షాపులో సెలైన్ సెట్టు కొన్నాను. "పేషెంటు ఎవరన్నా?" అన్నాడు. రొయ్య అని చెప్పలేదు, అసలే ఎర్రగడ్డ! ఆ సెట్టుకి 20 చుక్కలు ఒక ఎమ్మెల్. సెకనుకి రెండు చుక్కలు పెడితే గంటకి 360 ఎమ్మెల్. అర లీటరు కవరు నీళ్ళు రెట్టింపయ్యాక సగం పారబోసి మళ్ళీ మొదలు. మూడు విడతలకి 34 దాకా వచ్చింది. నాలుగు గంటలు పట్టింది.

ఇది ఊళ్ళో కొని అరగంటలో తెచ్చుకున్న కవరుకే. రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన కవరులో అమ్మోనియా పేరుకుపోయి ఉంటుంది. మూత కట్టి ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ తక్కువుండి అది పెద్దగా హాని చెయ్యదు. విప్పగానే గ్యాసు పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమౌతుంది. అప్పుడు ఈ చుక్కల వైద్యం చంపేస్తుంది. కొట్టువాణ్ణి ఉప్పెంతో ముందే అడిగి, అంతే ఉప్పుతో బకెట్లో నీళ్ళు కలిపి ఉంచుకుని, రాగానే అందులోకి మార్చెయ్యాలి. ఆ తర్వాత తీరిగ్గా పెంచుకోవచ్చు. హేచరీ వాడు చేసే పనే, కాకపోతే తిరగేసి.

పగడాల సంగతి వేరు. ఓ కొట్టువాడు గొంతు తగ్గించి గట్టి పగడం చూపించాడు. వద్దన్నాను. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, దొరికితే మూడేళ్ళకి తగ్గకుండా జైలు. చట్టం లేకపోయినా, సముద్రం అడుగు నుంచి చెక్కుకొచ్చినదాన్ని హాల్లో పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. మెత్తటి మష్రూమ్ పగడం ఒకటి తెచ్చి అడుగున, లైటు తక్కువ పడేచోట పెట్టాను. దాని ఒంట్లో ఉండే నాచుకి వెలుగు ఒక్కసారిగా ఎక్కువైతే పాలిపోతుంది. నాలుగు రోజులు ముడుచుకునే ఉంది, ఐదోరోజు విచ్చుకుంది.

రొయ్య? మూడు వారాలు బాగానే తిరిగింది. ఓ ఆదివారం పొద్దున్నే చూద్దును కదా, రాతి పక్కన కదలకుండా పడుంది, మీసాలతో సహా. మావయ్యకి ఫోన్ చెయ్యబోతూ జాలీతో పైకి తీస్తే, లోపలంతా ఖాళీ. కుబుసం! అసలుది రాతి వెనకాల నక్కి, కొత్త మీసాలు బయటికి పెట్టి నన్నే చూస్తోంది.