‘పెళ్లయ్యాక చూద్దాం’

పిచ్చితనాన్ని తిరుగుబాటుగా చదవడం స్త్రీవాద విమర్శ మనకు నేర్పింది. 1979లో గిల్బర్ట్, గుబార్‌లు రాసిన ‘ది మాడ్‌వుమన్ ఇన్ ది ఆటిక్’ లేకుండా నా పరిశోధన ముందుకు సాగేది కాదు. అయితే పదిహేనేళ్ల పిల్ల వరసగా రాత్రుళ్లు నిద్రపోకుండా, ఆపకుండా మాట్లాడి, ఆ తర్వాత నెల్లాళ్లు మంచం దిగకపోతే దాన్ని తిరుగుబాటు అనలేం. అది జబ్బు.

మా అక్క కూతురికి అదే జరిగింది. ఇంట్లో ముందు పొగరన్నారు, తర్వాత గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. చివరికి డాక్టరు బైపోలార్ అని తేల్చి వాల్‌ప్రోయేట్ రాశారు. నిద్ర కుదిరింది. పిల్ల బడికెళ్లింది. కాబట్టి మందులు వద్దని నేననను.

నా పేచీ మందుతో కాదు, మౌనంతో. ఈ మందుతో ఒళ్లు రావచ్చు, నెలసరి తప్పవచ్చు, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య రావచ్చు. గర్భిణిగా ఉండి వాడితే పుట్టే బిడ్డల్లో నూటికి సుమారు 10 మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. అందుకే బ్రిటన్‌లో 2018 నుంచి గర్భం రాకుండా జాగ్రత్తలు తీసుకునే ఏర్పాటు లేనిదే ఆడపిల్లలకు, గర్భం వచ్చే వయసు స్త్రీలకు దీన్ని ఇవ్వకూడదన్నారు. 2024 జనవరి నుంచి 55 ఏళ్లలోపు స్త్రీపురుషులెవరికైనా కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు ఒప్పుకోవాలి. లిథియం పద్ధతి వేరు. అమెరికాలో 2018లో ఏడేళ్లు నిండిన పిల్లలకు కూడా దాన్ని అనుమతించారు. దానికీ రక్తపరీక్షలు తప్పవు, మూత్రపిండాలను, థైరాయిడ్‌ను కనిపెట్టి ఉండాలి. ఏ మందైనా తూచి వాడాల్సిందే.

అక్క ఈ సంగతులు అడిగితే డాక్టరు, ‘అవన్నీ పెళ్లయ్యాక చూద్దాంలేమ్మా’ అన్నారట. ఆ మాటలో రెండు తప్పులున్నాయి. పెళ్లయ్యేదాకా ఆ ఒంటికి సొంత కష్టమే లేదన్నట్టుంది. పైగా ఆ పెళ్లి ఎంత దూరంలో ఉంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశంలో నూటికి 23 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 29 మంది. జబ్బు సంగతి దాచిపెట్టి పెళ్లి చేస్తే, అత్తారింట్లో ఆ పిల్ల మందు దాక్కుని మింగాలి, లేదా ఒక్కసారిగా మానేయాలి. అలా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

ఇవన్నీ విన్నాక ఆ పిల్ల అడిగింది: ‘మింగేది నేను కదా పిన్నీ, నాకెందుకు చెప్పలేదు?’

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి అక్క దాన్ని వెంటబెట్టుకునే లోపలికెళ్లింది. మందు మార్చడం గురించి, మోతాదు గురించి ఆ పిల్లే అడిగింది. ఆసుపత్రి గదిలో పక్కనే కుర్చీ వేసి, దాని భాషలో దానికే చెప్పడం వైద్యంలో భాగమే. మనం ఇన్నాళ్లూ మాట్లాడుతున్న ‘నా శరీరం నాది’ అనే మాట పదిహేనేళ్ల పిల్లకు, అదీ మనసు బాగాలేని పిల్లకు కూడా వర్తిస్తుంది.