గండికోట గోడల ముందు

శనగ కోతలు ముగిసి, కుందూ తీరపు నల్లరేగడి నేలలు నెర్రెలిచ్చే రోజుల్లో, మదరసా విద్యార్థులను వెంటబెట్టుకొని మేము కోయిలకుంట్ల నుండి గండికోటకు ప్రయాణమయ్యాము. అంతకు ముందు వారమే మా వీధి మస్జిదు పాత గోడ విషయమై పెద్దలలో వాదం జరిగింది. సున్నం పెచ్చులూడిన ఆ గోడను కూల్చివేయాలని కొందరు, సిమెంటు పూయించాలని మరికొందరు అన్నారు. దారి పొడవునా మా మనసు ఆ గోడ మీదనే ఉంది.

జమ్మలమడుగు సమీపిస్తుండగా ఒక విద్యార్థి తన పుస్తకంలోని చిత్రాన్ని మాకు చూపాడు. అది ఆంగ్ల చిత్రకారుడు శామ్యూల్ ప్రౌట్ (1783–1852) గీసినది. 1819లో ఫ్రాన్సులోని నార్మండీ వెళ్ళి వచ్చిన నాటి నుండి ఆయన ఐరోపా పాత పట్టణాల భవనాలకు పేరుపొందాడు. ఒరిగిన ఇళ్ళు, అరిగిన రాళ్ళు, వానకు నల్లబడిన గోపురాలు ఆయనకు ప్రీతిపాత్రాలు. రాతి మీద కాలం వేసిన గుర్తులను చూపిన ఆయన నేర్పును విమర్శకుడు జాన్ రస్కిన్ ఎంతగానో మెచ్చుకున్నాడు.

"హజ్రత్, పాడుబడిన గోడను ఇంత శ్రద్ధగా ఎందుకు గీశాడు?" అని ఆ విద్యార్థి అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

గండికోటలో పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని లోతైన లోయలో ప్రవహిస్తుంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే ఆయనను ఇక్కడే కలుసుకున్నాడు. మాధవరాయ ఆలయం, ధాన్యాగారం, జామియా మస్జిదు నేటికీ నిలిచి ఉన్నాయి. మస్జిదు మీనార్లు నిటారుగానే ఉన్నాయి. అయితే మేము లోపలికి వెళ్ళినప్పుడు మిహ్రాబ్ ముందు ఒక్క సఫ్ కూడా లేదు.

అక్కడ ఆ చిత్రాన్ని మళ్ళీ తెరిపించి చూశాము. ప్రౌట్ గీసిన శిథిల గోడల నీడలో సంత జరుగుతోంది. స్త్రీలు బుట్టలు దించుకొని కూర్చున్నారు. అప్పుడు చెప్పాము: "నాయనా, ఆ గోడలు పాతవే, కాని వాటి కింద మనుషులున్నారు. ఇక్కడి గోడలు వాటికంటే గట్టివే, కాని మనుషులు వెళ్ళిపోయారు. భూమిపై సంచరించి గతించినవారి పర్యవసానం చూడమని ఖుర్ఆన్ మనల్ని ఆదేశించింది. చిత్రకారుని చూపు అందం దగ్గర ఆగవచ్చు. మనం ఇబ్రత్ దాకా వెళ్ళాలి."

తిరిగి వచ్చాక ఒక వృద్ధ తాపీ మేస్త్రీని పిలిపించాము. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటకు రాలేక ఉప్పు పేరుకుంటుందని, పూతతోపాటు ఇటుక కూడా రాలుతుందని, సున్నమైతే గోడ ఆరుతూ ఉంటుందని ఆయన వివరించాడు. పెద్దలు అంగీకరించారు.

అల్‌హందులిల్లాహ్, ఆ గోడకు సున్నపు పని మొదలైంది. ఫజ్ర్ నమాజులో మాత్రం మా మస్జిదులో ఒకటిన్నర సఫ్‌లే నిండుతున్నాయి. ఆ ఖాళీని పూడ్చవలసినది మేస్త్రీ కాదు. పిల్లలను నిద్రలేపి పంపే తల్లిదండ్రులూ, వారిని పిలిచే మాబోటి ఉపాధ్యాయులూను.