ఎడమ గీత పక్కన పరిగెత్తిన బలరాం



మన హాస్టల్లో ఏ గది గోడ చూసినా పేపర్లోంచి కత్తిరించి అంటించిన క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలే. ఎవరు ఎన్ని సెంచరీలు కొట్టారో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మన తెలుగు నేల మీద పుట్టి రెండు ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం బొమ్మ మాత్రం ఏ గోడ మీదా లేదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ మాకు కనపడలేదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని మా బ్యాచ్ వాళ్లం అనుకున్నాం. కారణం ఆయన ఆట ఒక్కటే కాదు. ఆయన ఆ ఆట దాకా ఎలా చేరారన్నది మన హాస్టల్ పిల్లలందరికీ సంబంధించిన సంగతి.

బలరాం 1936 అక్టోబర్ 4న సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేద కుటుంబం. బంతి మీద ప్రాణం, కానీ కాళ్లకు బూట్లు లేవు. కొత్తవి కొనే స్తోమత లేక, పాత బూట్లనే చెప్పులు కుట్టేవారి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడారని చెబుతారు. ఆ రోజుల్లో హైదరాబాద్ అంటే దేశం మొత్తం మీద ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. హైదరాబాద్ పోలీసు జట్టుకు, భారత జట్టుకు కూడా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన మొదట బడి పంతులు. పంతులు కాబట్టే కాబోలు, ఏ పిల్లవాడిలో ఏముందో ఇట్టే పట్టేవారు. బలరాం ఆట ఆయన కంట పడింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. అమ్ముగూడ ఎక్కడ, హైదరాబాద్ నడిబొడ్డు ఎక్కడ! రోజూ ప్రాక్టీసుకు రావాలంటే చార్జీలు కావాలి. ఇంట్లో ఆ డబ్బులు లేవు. కుర్రాడు ఆ మాటే రహీమ్ గారితో చెప్పాడు. 'నీకు ఆట మీద శ్రద్ధ లేదు' అని ఆయన పంపించెయ్యలేదు. సైకిల్ మీద రావడానికి సాయం చేశారు. అలా వచ్చిన కుర్రాడు 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఉన్నాడు. అదే ఏడాది చివర మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులోనూ ఉన్నాడు. అప్పటికి వయసు 20. ఆ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. అంతకన్నా పైకి భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఎన్నడూ వెళ్లలేదు.

ఫుట్‌బాల్ చూడని తమ్ముళ్లకు ఒక మాట. బలరాం ఎక్కువగా ఆడింది ఎడమ వైపు, లెఫ్ట్ వింగర్‌గా. మన కబడ్డీలో మూలన ఉండే కార్నర్ ఆటగాడిలాగే అతనికీ పక్కన గీత ఉంటుంది. గీత దాటితే బంతి పోయినట్టే. ఎదురుగా డిఫెండర్ అడ్డు నిలుస్తాడు. అంత ఇరుకులోంచి బంతిని తప్పించి, లోపలికి కొట్టి, నడుమ ఉన్నవాడికి గోల్ అందించాలి. గోల్ కొట్టినవాడికి చప్పట్లు వస్తాయి, బంతి అందించినవాడు మళ్లీ గీత పక్కకు పోయి నిలబడతాడు. బలరాం రెండు పనులూ చేశారు. అవసరమైతే నడుమకు వచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గానూ ఆడారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఆ ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద మనవాళ్లు 1-2 తేడాతో ఓడిపోయారు. ఆ ఒక్క గోల్ బలరాందే. ఆ హంగరీ తర్వాత కాంస్య పతకం గెలిచింది. పెరూ మీద 1-3తో ఓడినప్పుడూ మన గోల్ ఆయనదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్‌ను 2-0తో ఓడించిన మ్యాచ్‌లో ఒక గోల్ కొట్టారు. ఫైనల్‌లో దక్షిణ కొరియా. స్టేడియం నిండా ఉన్న జనం మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తుంటే మనవాళ్లు 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. కోచ్ రహీమ్ గారు అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. 2023 ఆసియా క్రీడల దాకా చూసినా ఫుట్‌బాల్‌లో ఆ బంగారం మళ్లీ మన దేశానికి రాలేదు.

ఈలోగా బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు ఆడారు. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా ఆ క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది. 1962లో అర్జున అవార్డు వచ్చింది. తర్వాత రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారారు. ఇంకా పదేళ్లు ఆడతారని అందరూ అనుకునే సమయంలో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. 1963లో, 27 ఏళ్లకే ఆట ముగిసిపోయింది.

మాకు 23 ఏళ్లు. ఈ లెక్కన ఆయన ఆటలో ఇంక నాలుగేళ్లే మిగిలిన వయసు. గ్రూప్స్, డీఎస్సీ, నెట్ అంటూ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన వయసు మాది. ఒక్క పరీక్ష పోతే బతుకు పోయినట్టు కూర్చునేవాళ్లు మాలోనూ ఉన్నారు. బలరాం ఆట పోయాక 60 ఏళ్లు బతికారు. రైల్వే ఉద్యోగం చేసుకున్నారు, పిల్లలకు ఆట నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఉండేవారు. తోటివారైన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. ఆయనకు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రహీమ్ గారి మీద తీసిన 'మైదాన్' సినిమా 2024లో వచ్చింది. అందులో బలరాం పాత్ర కూడా ఉంది. చూడటానికి ఆయన లేరు.

ఆ సైకిల్ సంగతి మాత్రం మమ్మల్ని వదలదు. దానికి మా కారణం మాకుంది. మా బ్యాచ్‌లో ఒకడు ఉండేవాడు. పేరు రాయడం లేదు. తుళ్లూరు రేగడిలో వాన పడ్డ మర్నాడు నడిస్తేనే కాళ్లకు కిలో మట్టి అంటుకుంటుందని మీకు తెలుసు. అందులో వాడు వట్టికాళ్లతో పరిగెత్తితే వెనకాల ఎవరం అందేవాళ్లం కాదు. మండలంలో ఫస్టు వచ్చాడు. జిల్లా ఎంపికకు గుంటూరు వెళ్లాలి. బస్సు చార్జీ, ఒక జత బూట్లు, ఆ పూట భోజనం. అంతే కావలసింది. వాళ్ల అమ్మ అప్పుడు మిరపకాయ కోతల్లో ఉంది, కూలి డబ్బులు చేతికి రాలేదు. అడగడానికి వాడికి సిగ్గు, ఇవ్వడానికి మా దగ్గర లేదు. బస్సు వెళ్లిపోయింది. ఈ రోజు వాడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాడు. కష్టపడి బతకడంలో తప్పేం లేదు. కానీ వాడు ఎంత దూరం పరిగెత్తగలిగేవాడో వాడికీ తెలియదు, మాకూ తెలియదు.

బలరాం ఆట ఎవరూ ఇచ్చింది కాదు, ఆయనదే. దాన్ని మైదానం దాకా తెచ్చింది మాత్రం ఒక సైకిల్. అందుకే మేము పాత విద్యార్థులం కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాం. ఉద్యోగం వచ్చినవాళ్లు నెలకు వంద, మాలా స్కాలర్‌షిప్ మీద ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేసి ఒక డబ్బీ పెడుతున్నాం. ఆటల ఎంపికకు గానీ, ప్రవేశ పరీక్షకు గానీ, ఇంటర్వ్యూకు గానీ వెళ్లే తమ్ముడికి అందులోంచి చార్జీ ఇస్తాం. తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. మీకు ఉద్యోగం వచ్చినప్పుడు మీరూ ఆ డబ్బీలో వెయ్యండి.

తమ్ముళ్లారా, చార్జీ లేదని చెప్పడానికి సిగ్గుపడకండి. బలరాం అంతటివాడే చెప్పాడు.