ఖాళీ ఒర

కాప్రాలో మా ఇంట్లో ఓ పాత రివాల్వర్ ఒర ఉంది. తుపాకీ లేదు, తోలు మాత్రమే. "ఇదేం పిచ్చిరా?" అంటారు ఫ్రెండ్స్.

1858లో మన దేశంలో జరిగిన పోరులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు బ్రిటిష్ అధికారి సామ్ బ్రౌన్. ఒంటిచేత్తో కత్తి దూయాలి కదా! అందుకే భుజం పట్టీ ఉన్న బెల్టు చేయించుకున్నాడు. రివాల్వర్ ఒర కూడా దానికే తగిలించేవారు. పోలీసు అధికారుల క్రాస్ బెల్టు ఆ వంశమే.

పాత ఒరలు సేకరించేవాళ్లు ముందు చూసేది కంపెనీ ముద్ర, సంవత్సరం. నేను తోలు చూస్తాను. మన ఊళ్లలో తంగేడు చెక్కతో, లందలో తోళ్లు నానబెట్టి పదును చేసింది మాదిగలు. ఆ పని అందరికీ కావాలి, మనుషులు మాత్రం ఊరి బయటే ఉండాలి. నా ఒర తోలు ఎవరి చేతి పనో ముద్ర చెప్పదు.

మీకూ అలాంటిది దొరికితే ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, బూజు పడుతుంది. పొడి గుడ్డతో తుడవండి చాలు. ఫొటో తీస్తే ముద్రతో పాటు కుట్లూ తీయండి.