టూసాన్‌కి పొద్దున్నే వెళ్ళండి

అమ్మాయి దగ్గరికో అబ్బాయి దగ్గరికో ఫీనిక్స్ వచ్చారా? అయితే ఒక మాట చెప్తాను వినండి. గ్రాండ్ కాన్యన్‌కి పిల్లలు ఎలాగూ తీసుకెళ్తారు. చూసి తీరాల్సిందే, వెళ్ళి రండి. ఆ తర్వాత మిగిలిన రోజులన్నీ ఏసీ గదిలో టీవీ ముందు గడిపేయకండి. ‘ఇక్కడ చూడ్డానికి ఏముందండీ, అంతా ఎడారేగా’ అని మన పెద్దవాళ్ళు అంటుంటే నా మనసు ఒప్పుకోదు. ఒక శనివారం పిల్లల్ని పట్టుబట్టి టూసాన్ తీసుకెళ్ళమనండి. కారులో రెండు గంటలలోపే.

ఒక్కటే షరతు: పొద్దు పొడిచేసరికి అక్కడుండాలి. చీకటితో బయల్దేరండి.

రెంటచింతల ఎండల్లో పెరిగినవాళ్ళం, ఇదొక లెక్కా అంటారేమో. ఇక్కడి వేడి తీరు వేరు. గాలిలో తేమ లేదు కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు, ఒంట్లో నీళ్ళు పోతున్నట్టే తెలియదు. తెలిసేసరికి తల తిరుగుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా పది దాటాక నడక పెట్టుకోవద్దు. సీసాలో నీళ్ళు సగానికి వచ్చాయంటే వెనక్కి తిరగాల్సిందే, కొండ ఎంత దగ్గరగా కనిపించినా సరే.

ముందు సవారో నేషనల్ పార్కుకి వెళ్ళండి. సవారో అంటే ఆ నిలువెత్తు జెముడు, చేతులు పైకెత్తి నిలబడ్డట్టుంటుంది, సినిమాల్లో చూసే ఉంటారు. పార్కు ఊరికి తూర్పున ఒక ముక్క, పడమట ఒక ముక్క. 1933 నుంచి కాపాడుకొస్తున్న అడవి, 1994లో నేషనల్ పార్కు అయింది. మోకాళ్ళ నొప్పులుంటే తూర్పు వైపుకే వెళ్ళండి. ఎనిమిది మైళ్ళ తారురోడ్డు చుట్టూ తిప్పి తీసుకొస్తుంది, నచ్చినచోట కారాపి దిగొచ్చు.

దిగాక తొందరపడకండి. ఒక్క చెట్టు దగ్గర నిలబడి చూడండి. ఒళ్ళంతా నిలువు మడతలు, హార్మోనియం తిత్తిలాగా. వాన పడితే నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. మొలిచిన మొదటి ఎనిమిదేళ్ళలో అది పెరిగేది అంగుళం, మహా అయితే అంగుళమున్నర. మొదటి కొమ్మ వెయ్యడానికి 50 నుంచి 75 ఏళ్ళు పడుతుంది. మీ ముందున్న దానికి నాలుగైదు కొమ్మలున్నాయంటే మీ తాతగారి కన్నా పెద్దదై ఉండొచ్చు. ఇప్పుడు కిందికి చూడండి. పాలో వెర్డె చెట్టు నీడలో, కొమ్మల మాటున, పిడికిలంత సవారో పిల్ల దాక్కుని ఉంటుంది. ఆ నీడ లేకపోతే ఎండకో చలికో చచ్చిపోయేది.

మాను మీద గుండ్రటి కన్నాలు కూడా చూస్తారు. వడ్రంగిపిట్ట తొలిచినవవి. చెట్టు ఆ గాయం చుట్టూ గట్టి పెచ్చు కట్టుకుంటుంది, అది ఆరాకే పిట్ట లోపల కాపురం పెడుతుంది. పిట్ట వెళ్ళిపోయాక గుప్పెడంత గుడ్లగూబ ఆ ఇంట్లో దిగుతుంది.

పొద్దున్నే రమ్మన్నది ఎందుకో మే నెలలో వస్తే మీకే తెలుస్తుంది. సవారో పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. రాత్రి గబ్బిలాలు వచ్చి తేనె తాగుతాయి, తెల్లారగానే తేనెటీగలూ తెల్లరెక్కల పావురాలూ దిగుతాయి. పువ్వులో తల దూర్చిన పావురం పుప్పొడి పూసుకుని పసుపు ముఖంతో బయటికొస్తుంది. జూన్‌లో ఎర్రటి పండ్లు. తోహోనో ఓదమ్ అనే ఇక్కడి ఆదివాసీ తెగ ఆడవాళ్ళు ఎండిన సవారో బద్దలతోనే పొడుగాటి గెడలు కట్టి కోసి, పాకం కాస్తారు. ఈ నేల వాళ్ళది, ఎప్పటినుంచో.

పడమటి వైపు అరిజోనా సొనోరా డెజర్ట్ మ్యూజియం ఉంది, 1952లో పెట్టారు. మ్యూజియం అంటే గాజుబీరువాలు అనుకోకండి, దాదాపు అంతా ఆరుబయటే. చలికాలంలో వెళ్తే హారిస్ డేగలను వదులుతారు. జట్టుగా వేటాడే డేగలవి. మన తలల మీదుగా ఎంత దగ్గరగా వెళ్తాయంటే రెక్క గాలి ముఖానికి తగులుతుంది. మనవలుంటే ఇది మాత్రం మానకండి.

ఎండ ముదిరాక మౌంట్ లెమన్ ఎక్కేయండి. 9,157 అడుగుల కొండ. కింద జెముడు, మధ్యలో ఓక్, పైన పైన్ అడవి, గంట ప్రయాణంలోనే స్వెట్టర్ కావాలనిపిస్తుంది. సాయంత్రం దిగొచ్చాక వెంటనే ఫీనిక్స్ బయల్దేరొద్దు. ఈ చుట్టుపక్కల ఖగోళశాలల కోసం 1972 నుంచే టూసాన్‌లో వీధి దీపాలకు కట్టుబాట్లున్నాయి. ఊరు దాటి కాస్త దూరం వెళ్తే, వెన్నెల లేని రాత్రి పాలపుంత చక్కగా కనిపిస్తుంది. మన పల్లెల్లో ఒకప్పుడు ఆరుబయట మంచాల మీంచి చూసిన ఆకాశం అది, మనవలకు చూపించాలి కదా.

జులై, ఆగస్టుల్లో వస్తే మాత్రం ఎండిన వాగుల్లోకి దిగొద్దు. ఎక్కడో కొండ మీద వాన కురిస్తే ఇక్కడ వాగు నిమిషాల్లో పొంగుతుంది. ఇంకొకటి, సంచిలో ఒక దువ్వెన వేసుకోండి. చోయా అనే జెముడు ఇలా ఆనితే అలా అంటుకుంటుంది. చేత్తో లాగితే చేతికీ గుచ్చుకుంటుంది. దువ్వెన పళ్ళు కింద దూర్చి ఒక్కసారి చిమ్మేయండి, ఊడొస్తుంది.