తేనెటీగల ఆరోగ్యము

బాల్యమున మా నాయనగారు నాచేత అమరకోశము వల్లె వేయించునపుడు తుమ్మెదకు పదికి మించిన పేర్లుండుట చూచి మురిసిపోయెడిదానను. మధువ్రతము, మధుకరము, ద్విరేఫము, భృంగము, షట్పదము, భ్రమరము - ఎన్ని పేర్లు! అదే కోశమున తేనెటీగకు సరఘ యనియు, మధుమక్షిక యనియు రెండే. మన ప్రబంధకవులు నాయిక కురులను పోల్చినదియు తుమ్మెదతోనే. నల్లనై, ఎండుకొయ్యను తొలిచి గూడు చేసికొను ఆ తుమ్మెద మన కొక చుక్కయైన తేనె నీయదు. కూడబెట్టి యిచ్చెడి చిన్న యీగను కవులు తలచినది బహుతక్కువ. దాని జబ్బులను గూర్చి పలికిన కవి నా చదువులో నొక్కడును కానరాలేదు.

మేము ఫిల్మ్‌నగరులో నొక యద్దె వాటాలో నుందుము. మావారు ఉపాధ్యాయులు. ఇచట చలనచిత్రములకై కాగితపు పూలతో తోటలు నిర్మించుట తరచు చూచుచుందుము. వానిపై ఈగ వ్రాలగా నే నెన్నడును చూడలేదు. జూబిలీహిల్సు ఒకప్పుడు బండలును పొదలును గల కొండనేల. నేడు ఆ రూపము మిగిలిన చోటు కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము. అది 1998 లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. కొండతేనెటీగలు పట్టు పెట్టుటకు ఎత్తైన బండ యంచు కావలెను. బండలు పగిలి మేడలైన చోట మేడ యంచే వానికి బండ. అట్లే మా యెదుటి మేడ నాలుగవ యంతస్తు చూరున చేటంత పట్టొకటి వెలసినది. విషము కొట్టింపవలె నని కొందరు, వలదని కొందరు వాదులాడుకొనుచుండిరి. ఒక పిల్లవానికి కాటు పడిన పిమ్మట విషమువారి పక్షము బలపడెను. తెలిసినవారి నడిగి వత్తు నని నేను వారము గడువు కోరితిని.

రాజేంద్రనగరములోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థవారు తమ గ్రామీణ సాంకేతిక ఉద్యానమున తేనెటీగల పెంపకమును నేర్పుచు వచ్చినారు. 2020 లో కేంద్రప్రభుత్వము 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పథకమును చేపట్టినది. నేను పోయినది మాత్రము ఆ చుట్టుప్రక్కల నొక మామిడితోటలో రెండుదినములు జరిగిన చిన్న తరగతి. ఇరువదిమందిలో స్త్రీలము నలుగురము.

ఉపన్యాసము స్వల్పము, చేతిపని యధికము. తలలో పూలు, అత్తరులు వలదనిరి; అరటిపండు తిని రావలదనిరి. ఈగ కుట్టినపుడు దాని ముల్లునుండి వెలువడు వాసన అరటిపండు వాసనను పోలియుండు నట! ఆ వాసన తక్కిన యీగలకు యుద్ధభేరి. పొగ వేయునది ఈగలను చంపుటకు గాదు, ఆ వాసనను కప్పివేయుటకు. కుట్టిన ముల్లును వెంటనే గోటితో గీరివేయవలెను. ఊపిరి యాడనిచో క్షణమైన తడయక వైద్యుని కడకు పోవలెను.

పెట్టె తెరచి చట్రమును పైకెత్తినపుడు నా చేతులు వణకినవి. గురువుగారు “తేనె చూడకుడమ్మా, పిల్లలను చూడుడు” అనిరి. అది నాకు నచ్చిన మాట. పెట్టె యొద్దకు పోయిన ప్రతివాని కన్నును మొదట తేనె మీదనే పడును. పెంపకము తెలిసినవాడు ముందుగా గదుల యడుగున సన్నని తెల్లని గ్రుడ్లు నిలిచియున్నవా యని చూచును. గ్రుడ్డు మూడు దినములే గ్రుడ్డుగా నుండును. కావున గ్రుడ్లున్న యెడల మూడు దినములలోపల రాణి యచట నున్నట్లే. ఆమెను వెదకి యలజడి పెట్టనక్కరలేదు. ఆరోగ్యముగల పిల్లపురుగు ముత్యమువలె తెల్లనై, చుట్టచుట్టుకొని పరుండును. మూతలు వేసిన గదులు వరుసగా, ఎడము లేక యుండవలెను. నడుమ నడుమ బోడి గదులు కనబడెనా, ఏదో కీడు మూడినదని యర్థము.

వరోవా యను నల్లిని లెక్కించు విధము మన వంటింటి పనివంటిదే. అర గిన్నెడు ఈగలను, అనగా మున్నూరింటిని, రాణి లేకుండ జూచి, జల్లెడమూతగల సీసాలో వేసి, మెత్తని చక్కెరపొడి చల్లి మెల్లగా దొరలింపవలెను. తెల్లని పళ్లెముపై బోర్లించి కదిపినచో పొడితోకూడ నల్లులు రాలును. అవి ఆవగింజకంటె చిన్నవి, ఎఱ్ఱని గోధుమవన్నెవి. నూటికి మూడు మించినచో చికిత్స తప్పదు. చక్కెర పూసికొన్న యీగలు క్షేమముగా నింటికి పోవును. తోబుట్టువులు వానిని నాకి శుభ్రపరచును. ఈ నల్లికి తొలి యాశ్రయము మన పుట్టతేనెటీగయే. అయినను అది యొడలు దులుపుకొని కాచుకొనగలదు. 1960 తరువాతి దశకమున మన దేశమున నెలకొన్న ఐరోపా యీగకు ఆ నేర్పు కొఱత.

చీమలకు విరుగుడు విని నవ్వుకొంటిని: పీట కాళ్ల క్రింద నీళ్ల గిన్నెలు. మా యమ్మమ్మ పెరుగు బీరువాకు అదే చేసెడిది. మైనపు పురుగుకు మందు పెట్టె యడుగును తరచు తుడుచుటయే.

రెండవనాడు మధ్యాహ్నము జరిగినది నేను మరువజాలను. వికారాబాదు వైపునుండి వచ్చిన యొక వితంతువు తన చరవాణిలోని బొమ్మలను గురువుగారికి చూపెను. ఆమె అప్పుచేసి పది పెట్టెలు కొన్నది. బొమ్మలలో పిల్లపురుగులు వెల్లకిల బారజాచి, తల పైకెత్తి, నీరు నిండిన సంచులవలె నుండెను. ఆయన చాలసేపు చూచి, “ఇది థాయి సాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులమ్మా. 1991, 92 ప్రాంతమున దక్షిణదేశములో పుట్టతేనెటీగల పెట్టెలను ఊళ్లకూళ్లు ఖాళీ చేసినది యిదియే. దీనికి మందు లేదు” అనిరి.

ఆమెకు ఎవరో మందని యొక పొడి నమ్మియుండిరి. అది సూక్ష్మజీవులను చంపు మందు; వైరస్‌కు పనిచేయదు సరికదా, తేనెలో నిలిచిపోవును. అట్టి యవశేషములు మొదలగువానిపై మన పర్యవేక్షణ చాలదని 2010 లో ఐరోపా సమాఖ్య మన తేనె దిగుమతిని నిలిపివేసెను. మరల తెరచినది 2011 లో. (తేనె ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. ఎంత స్వచ్ఛమైన తేనెయైనను ఏడాది నిండని శిశువునకు నాకింపరాదు. పసిపేగులలో విషము పుట్టించు బీజము లందుండవచ్చును. పురుటింట నాలుకకు తేనె రాయు పెద్దలకు ఈ మాట వినయముగా చెప్పవలెను.)

చేయదగినది ఆయన వరుసగా చెప్పిరి. చెడిన పిల్లపట్లను కాల్చివేయుట. రాణిని చిన్న పంజరమున రెండు వారములుంచి గ్రుడ్లు పెట్టుట నాపుట. ఆ వ్యవధిలో కూలి యీగలు గదులను శుభ్రపరచును. చక్కెరపానకము పోయుట, ఒక పెట్టె చట్రమును మరియొక పెట్టెలో పెట్టకుండుట, తెగులును తట్టుకొన్న పెట్టెనుండియే కొత్త రాణులను పెంచుట.

“పది పెట్టెలల్ల ఆరు గిట్లనే ఉన్నయి సారూ. పట్లు కాలిస్తె బాకీ ఎట్ల కట్టాలె?” అని ఆమె యడిగెను.

ఎవరును మారుపలుకలేదు. కొంతసేపటికి ఆయన “కాల్చకున్న తక్కిన నాలుగును పోవునమ్మా” అనిరి. ఓదార్పు మాటలు చెప్పకుండుట నాకు గౌరవముగా తోచెను. ఆమె కన్నీరు పెట్టలేదు. నా ప్రక్కకు వచ్చి, “అక్కా, నాకు రాయరాదు, జర రాసియ్యవా?” అన్నది. ఆయన చెప్పినదంతయు పెద్ద యక్షరములతో వ్రాసి యిచ్చితిని. ఆమె కుమారుడు చదివి వినిపించునట.

మా మేడ మాటయు అడిగితిని. కొండతేనెటీగను పెట్టెలో పెంచ వీలుకాదు. పూలకాలము గడచినచో అవియే లేచిపోవును. అంతదాక రాత్రివేళ ఆ దిక్కున దీపము వెలిగింపరాదు, రాయి రువ్వరాదు, పొగ పెట్టరాదు. ఈ మాటలు విని ఎదుటి మేడవారు గొణుగుకొనుచునే కిటికీలకు దోమతెరలు బిగించుకొనిరి. ఏడు వారములకు పట్టు ఖాళీయైనది. కాటు తిన్న పిల్లవాని తల్లి నాతో నింకను సరిగా మాటలాడుట లేదు, ఆమెను తప్పుపట్టజాలను.

వికారాబాదు సోదరి మొన్న ఫోను చేసినది. ఆరు పెట్టెల పట్లను స్వయముగా కాల్చినదట. వానిలో రెండింటి యీగలు లేచిపోయినవి. బలహీనమైన యొకదానిని మరియొకదానితో కలిపినది. ఇప్పు డేడు పెట్టెలు నిలిచినవి, గ్రుడ్లు వరుసగా కనబడుచున్నవి. ఈ యేడు తేనె తీయక ఈగలకే విడిచినది. కందిచేల కూలికి పోయి వాయిదా కట్టినదట. ఇంక మూడు వాయిదాలున్నవి.